హాలు పెద్దది, వంటిల్లు ఓపెన్: ఎయిర్ ప్యూరిఫయర్ ఏది కొనాలి?

శ్రీలత_నిజాంపేట

అందరికీ నమస్తే. మాది నిజాంపేట రోడ్డు, రెండో అంతస్తు. హాలు, డైనింగ్ కలిసే ఉంటాయి, 410 చదరపు అడుగుల దాకా వస్తుంది. ఓపెన్ కిచెన్ ఇంకో 90. మధ్యలో గోడ లేదు. సీలింగ్ తొమ్మిదిన్నర అడుగులు. ఎదురుగా రెండు అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. పొద్దున తుడిచిన టీపాయ్ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు.

మా బాబుకి ఏడేళ్లు. దసరా దాటితే చాలు తుమ్ములు, రాత్రిళ్లు దగ్గు. సంక్రాంతి వెళ్లేదాకా వదలవు. డాక్టరు గారు డస్ట్ ఎలర్జీ అన్నారు, ఇన్‌హేలర్ వాడుతున్నాం.

మా ఆయన షోరూంకి వెళ్తే, "600 చదరపు అడుగులకు సరిపోతుంది" అని రాసున్న మెషీన్ 14 వేలు చెప్పారట. దాని పక్కనే "1000 చదరపు అడుగులు" అని రాసింది 38 వేలు. మా బడ్జెట్ పాతిక. హాలు 500 కాబట్టి 600ది చాలు కదా అని ఆయన అంటున్నారు. నిజమేనా?

ఇంకో సంగతి, మా అత్తయ్య రోజూ సాయంత్రం సాంబ్రాణి వేస్తారు. అది మానమని చెప్పే ధైర్యం నాకు లేదు, ఆ సలహా తప్ప ఏదైనా ఇవ్వండి :)

కరీంనగర్_పోరడు

అక్కా, డబ్బా మీద రాసిన చదరపు అడుగులు అస్సలు నమ్మకు. గది గాలిని గంటకు ఒక్కసారి తిప్పినా "సరిపోతది" అనే రాస్తరు. సీఏడీఆర్, అంటే మెషీన్ గంటకు ఎంత శుభ్రమైన గాలి ఇస్తదో ఆ అంకె, ఎంతున్నదో అడుగు. షోరూంల పిలగాడు "అదేంది మేడం?" అన్నడనుకో, అక్కడికెల్లి లేచి వచ్చెయ్.

తాతగారి_మాట

పొద్దున్నే కిటికీలు బార్లా తీసి, ఇల్లు కడిగి, నాలుగు తులసి కుండీలు, రెండు స్నేక్ ప్లాంట్లు పెట్టుకుంటే పోయేదానికి పాతిక వేలా? మా నాయనమ్మ కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఎనభై దాకా బతికింది. ఏ ప్యూరిఫయరూ లేదు.

డా_ఊపిరి

@తాతగారి_మాట గారూ, మీ నాయనమ్మ గారు అదృష్టవంతులు. కట్టెల పొయ్యి ముందు ముప్పై నలభై ఏళ్లు కూర్చుని, బీడీ చుట్ట ముట్టకుండానే సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు మూసుకుపోయే జబ్బు) తెచ్చుకున్న ఆడవాళ్లు మా ఓపీలో బెంచీ నిండా ఉంటారు. వాళ్ల మనవలు ఫోరాల్లో రాయరు, అంతే తేడా.

మొక్కల సంగతి: 1989లో నాసా చేసిన ప్రయోగం గాలి చొరబడని చిన్న పెట్టెల్లో, అదీ కొన్ని రసాయన వాయువుల మీద. దుమ్ము మీద కాదు. ఆ తర్వాత 2019లో పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్క కడితే, కిటికీ తీస్తే వచ్చే ఫలితం మొక్కల వల్ల రావాలంటే చదరపు మీటరుకు కనీసం పది కుండీలు కావాలని తేలింది. శ్రీలత గారి హాల్లో నాలుగు వందల పైచిలుకు కుండీలు. సోఫా ఎక్కడ వేసుకుంటారు?

క్లీన్‌రూమ్_కిట్టు

నేను ఫార్మాలో హెచ్‌వ్యాక్ (ఏసీ, గాలి సరఫరా) మెయింటెనెన్స్ చూస్తాను. టాబ్లెట్లు చేసే గదికి మేం ముందు అడిగేది ఎన్ని చదరపు అడుగులని కాదు, గంటకు ఎన్ని ఎయిర్ ఛేంజీలు, అంటే గది గాలి ఎన్నిసార్లు తిరగాలి అని. ఇంటికీ అదే లెక్క పెట్టుకోండి.

మీ గది 500 × 9.5 = 4750 ఘనపు అడుగులు. 35.3తో భాగిస్తే దాదాపు 135 ఘనపు మీటర్లు. వంటిల్లు కలిపే లెక్కేయాలి మేడం, గోడ లేనప్పుడు పోపు పొగ అక్కడే ఆగదు కదా. ఎలర్జీ ఉన్న పిల్లాడున్న ఇంట్లో గంటకు 5 సార్లు తిరిగితే బాగుంటుంది. 135 × 5 = 675. అంటే మీకు కావాల్సిన సీఏడీఆర్ గంటకు 675 ఘనపు మీటర్లు.

14 వేల దాంట్లో సీఏడీఆర్ 400 ఉందనుకుందాం. 400 భాగించు 135, మూడు. అదీ ఫుల్ స్పీడు మీద. ఇంట్లో ఫుల్ స్పీడు ఎవరూ పెట్టరు, టీవీ వినపడదు. మధ్య స్పీడులో ఇందులో సగం వస్తే గొప్ప. అంటే గంటకు ఒకటిన్నర.

ఈ అంకెల వల్ల ఒరిగేదేంటో మీ సాంబ్రాణి మీదే చెప్తాను. గాలి బాగా కలుస్తుందనుకుంటే, గంటకు ఒకసారి తిప్పే మెషీన్ పెడితే గంట తర్వాత కూడా పొగలో 37 శాతం గదిలోనే ఉంటుంది. "ఒకసారి తిప్పింది కాబట్టి గది మొత్తం శుభ్రమైంది" అనుకుంటారు చాలామంది. అలా జరగదు, శుభ్రమైన గాలి మురికి గాలిలోనే కలుస్తూ పోతుంది. మూడుసార్లయితే 5 శాతం మిగులుతుంది. ఐదుసార్లయితే ఒక శాతం లోపు. డబ్బా మీద "1000 చదరపు అడుగులు" అని ఉంటే, గంటకు ఎన్నిసార్ల లెక్కన అని అడగండి. ఆ సమాధానం లేకపోతే ఆ అంకెకి విలువ లేదు.

శ్రీలత_నిజాంపేట

కిట్టు గారూ, చాలా థాంక్స్. ఇప్పుడు అర్థమైంది. కానీ 675 అంటే 38 వేలదే కొనాలా? మా ఆయన ఈ పోస్టు చూసి లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు.

ఎడిసన్_పద్మ

వెళ్లనివ్వు శ్రీలతా, చల్లబడ్డాక వస్తారు :)

మాకు ఇక్కడ అమెరికాలో ఏహెచ్ఏఎం అని పరిశ్రమ సంఘం ఉంది, మెషీన్లు పరీక్ష చేయించి లేబుల్ వేస్తుంది. వాళ్ల ఉజ్జాయింపు లెక్క సులువు. ఎనిమిది అడుగుల సీలింగ్ ఉన్న గదికి, చదరపు అడుగుల్లో మూడింట రెండు వంతులు సీఎఫ్ఎంలో (నిమిషానికి ఘనపు అడుగుల్లో) సీఏడీఆర్ ఉండాలి. గంటకు ఇంచుమించు 4.8 సార్లు అన్నమాట. మా ఇంట్లో ఉన్నది కోవే కంపెనీ 1512 మోడల్. పొగకు సీఏడీఆర్ 233 సీఎఫ్ఎం, లేబుల్ మీద 361 చదరపు అడుగులు. సరిగ్గా ఆ లెక్కే. అమ్మే సైట్లలో మాత్రం ఇలాంటి మెషీన్లకే వెయ్యి, పదిహేను వందలు అని పెద్ద అక్షరాలతో రాస్తారు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో "గంటకు ఒకసారి" అని ఉంటుంది.

ఇండియాలో ఘనపు మీటర్లలో ఇస్తారు కాబట్టి, సీఎఫ్ఎంని 1.7తో గుణించుకో. నీది తొమ్మిదిన్నర అడుగుల సీలింగ్ కనుక ఇంకాస్త ఎక్కువే కావాలి.

2023 జూన్‌లో కెనడా అడవులు తగలబడి ఇక్కడ ఆకాశం నారింజ రంగుకి తిరిగింది చూడు, అప్పుడు మమ్మల్ని కాపాడింది ఈ ఒక్క మెషీనే కాదు. ఇల్లంతటికీ ఉన్న సెంట్రల్ ఏసీలో మెర్వ్ 13 ఫిల్టర్ (సన్నటి దుమ్మును కూడా చాలావరకు పట్టే రకం) పెట్టి, ఫ్యాన్‌ని ఆటోలో కాకుండా ఆన్‌లో వదిలేశాం. మీకు స్ప్లిట్ ఏసీలే కాబట్టి ఆ దారి లేదు.

మూడోకన్ను

మా స్ప్లిట్ ఏసీలోనే పీఎం 2.5 (2.5 మైక్రాన్ల లోపు సన్నటి దుమ్ము) ఫిల్టర్ ఉందని రాశారు. అది చాలదా?

క్లీన్‌రూమ్_కిట్టు

@మూడోకన్ను ఏసీ మూత ఎత్తి చూడండి. పెద్ద జాలీ ఉంటుంది, అది కాయిల్‌కి దుమ్ము పట్టకుండా. దాని మీద అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద ముక్క ఒకటి అంటించి ఉంటుంది, "పీఎం 2.5 ఫిల్టర్" అంటే చాలావాటిలో అదే. గాలిలో ఎక్కువ భాగం దాని పక్క నుంచి వెళ్తుంది. ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలోది గదిలోనే తిప్పుతుంది. చల్లదనం వేరు, శుభ్రత వేరు.

గుర్గావ్_గోదారి

రాజోలు నుంచి వచ్చి గుర్గావ్‌లో ఇరుక్కున్న ప్రాణాన్ని. దీపావళి నుంచి జనవరి దాకా ఈ విషయంలో మాకు పీహెచ్‌డీలు ఇవ్వొచ్చు.

అండీ, హైదరాబాద్ వాళ్లు ఒకటి గమనించుకోవాలి. మన దేశంలో రోజువారీ పీఎం 2.5 హద్దు ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టింది 15. హైదరాబాద్‌లో "ఈరోజు గాలి ఓకే" అని మీరు అనుకునే రోజుల్లో చాలావరకు ఆ 15కి పైనే ఉంటుంది. మా దగ్గర నవంబరులో ప్రభుత్వ గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) 500 దగ్గర ఆగిపోతుంది. గాలి ఆగి కాదు, ఆ సూచీలో అంతకు పైన అంకె లేదు కాబట్టి.

ఇప్పుడు అసలు సంగతి. పెద్ద హాల్లో మెషీన్ ఓడిపోయేది ఫిల్టర్ వల్ల కాదండీ, సందుల వల్ల. మెయిన్ డోర్ కింద వేలు పట్టే సందు ఉంటుంది. స్లైడింగ్ కిటికీల మధ్య, ఏసీ పైపు కోసం కొట్టిన కన్నం చుట్టూ, వంటింటి ఎగ్జాస్ట్ దగ్గర. అగరొత్తి వెలిగించి ఆ సందుల దగ్గర పట్టుకుంటే పొగ ఎటు లాగుతోందో కనిపిస్తుంది. మేం ఫోమ్ టేపు, తలుపు కింద రబ్బరు పట్టీ వేయించాం. ఖర్చు వెయ్యి రూపాయల లోపే. దాని తర్వాతే మెషీన్ పని కనపడింది.

అలాగని రోజంతా బిగించుకుని కూర్చోకండి. ప్యూరిఫయర్ దుమ్మును పడుతుంది గానీ మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని పట్టదు. నలుగురు పడుకున్న గదిలో తెల్లారేసరికి తలనొప్పిగా ఉంటుంది. హైదరాబాద్‌లో మధ్యాహ్నం గాలి కదిలే వేళ, కట్టుబడి పని ఆగిన సమయం చూసుకుని కిటికీలు ఓ పావుగంట తీసి మళ్లీ మూయండి. చలికాలం పొద్దున్నే తీయడం మాత్రం వద్దు. అప్పుడు పొగమంచుతో పాటు పొగంతా నేలబారున ఉంటుంది. తాతగారి మాట గారూ, ఇది మీకే.

తాతగారి_మాట

చదివాను. నేను మధ్యాహ్నం తీస్తాలే.

నిర్వాహకుడు

అమ్మకం లింకులు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. డీలర్లు దయచేసి ప్రకటనల విభాగానికి వెళ్లండి.

కరీంనగర్_పోరడు

హెపా ఫిల్టర్ (సన్నటి దుమ్మును ఆపేది) హెచ్13 రకం అయితెనే కొనాల్నా అన్నా? ఒకడు "ట్రూ హెపా" అంటడు, ఇంకోడు "హెపా టైప్" అంటడు.

క్లీన్‌రూమ్_కిట్టు

తమ్ముడూ, "హెపా టైప్" అంటే హెపా కాదని చదువుకో. హెచ్13 అంటే అతి కష్టంగా చిక్కే సైజు కణాలలో 99.95 శాతం ఆపాలి. ఆ కష్టమైన సైజు ఇంచుమించు 0.1 నుంచి 0.3 మైక్రాన్ల మధ్య ఉంటుంది. అంతకంటే చిన్నవి దూరిపోతాయని చాలామంది అనుకుంటారు గానీ, మరీ చిన్నవి నిలకడ లేకుండా అటూ ఇటూ కొట్టుకుంటూ పోగులకి తగిలి అంటుకుపోతాయి. పెద్దవి నేరుగా గుద్దుకుంటాయి. నడిమి సైజువే తప్పించుకుంటాయి.

కానీ మా క్లీన్‌రూమ్‌లో హెచ్14 ఎందుకంటే అక్కడ గాలి ఒక్కసారి దాటి నేరుగా మందు మీదికి వెళ్తుంది. ఇంట్లో అదే గాలి మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఒక్క విడతలో 90 శాతం పట్టే ఫిల్టర్‌లోంచి గాలి ఎక్కువ పోతే, 99.97 పట్టే ఫిల్టర్‌లోంచి తక్కువ పోయినదానికంటే గది బాగా శుభ్రపడుతుంది. 2020లో రిచర్డ్ కోర్సీ, జిమ్ రోసెంథాల్ అని ఇద్దరు అమెరికాలో నాలుగైదు మెర్వ్ 13 ఫిల్టర్లని డబ్బాలా కట్టి పైన బాక్స్ ఫ్యాన్ పెట్టించింది ఈ సూత్రం మీదే. మన దగ్గర ఆ ఫ్యాను, ఆ సైజు ఫిల్టర్లు సులువుగా దొరకవు. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తో చేసినవాళ్లున్నారు. పిల్లలున్న హాల్లో చేతికి అందే ఎత్తులో రెక్కలు తిరిగేది నేనైతే పెట్టను.

శ్రీలత_నిజాంపేట

షోరూంలో అయాన్ బటన్, యూవీ లైటు, యాక్టివేటెడ్ కార్బన్ అని చాలా చెప్పారట. వాటికే రేటు పెరుగుతోంది.

డా_ఊపిరి

అయానైజర్ (గాలిలోకి విద్యుదావేశ కణాలు వదిలేది) ఉంటే ఆపేసే బటన్ ఉందో లేదో చూసి కొనండి, కొన్నాక ఆపేయండి. కొన్నిటిలో ఓజోన్ పుడుతుంది. అది ఊపిరితిత్తులకి పడదు, ఆస్తమా పిల్లలకి అసలే పడదు. కాలిఫోర్నియాలో ఇలాంటి మెషీన్లు 0.050 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 0.050 భాగం) మించి ఓజోన్ వదిలితే అమ్మనివ్వరు. "ఓజోన్‌తో గాలి శుద్ధి" అని గొప్పగా అమ్మేవాటి జోలికి పోవద్దు. యూవీ లైటు ముందు నుంచి గాలి అరక్షణంలో దాటిపోతుంది, ఇంటి మెషీన్లలో దానికోసం డబ్బు పెట్టక్కర్లేదు.

కార్బన్ వాసనలకు పనికొస్తుంది, కానీ బరువు ఉండాలి. ఫిల్టర్ చేతిలోకి తీసుకుని చూడండి. నల్లగా రంగు వేసిన పల్చటి స్పాంజి అయితే నాలుగు రోజులకే దాని పని అయిపోతుంది. గింజలు నింపినదైతే ఫిల్టరే బరువుగా ఉంటుంది. కొత్త పెయింటు వాసనకి ఏదీ అక్కర్లేదు, కిటికీ చాలు.

ముఖ్యమైనది ఇంకోటి. బాబుకి డస్ట్ ఎలర్జీ అన్నారు. అందులో పెద్ద వాటా డస్ట్ మైట్ అనే కంటికి కనపడని పురుగుది. అది పరుపులో, దిండులో, బొంతల్లో, మెత్తటి బొమ్మల్లో ఉంటుంది, గాలిలో ఎక్కువసేపు తేలదు. హాల్లో ఎంత పెద్ద మెషీన్ పెట్టినా పరుపులోది పోదు. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకండి, పరుపుకి జిప్ కవర్ వేయండి. ఇన్‌హేలర్ మెషీన్ వచ్చింది కదా అని ఆపకండి. మీ డాక్టరు చెప్పేదాకా అది నడవాల్సిందే.

అసలు బాబు పడుకునేది ఎక్కడ?

శ్రీలత_నిజాంపేట

మా బెడ్‌రూంలోనే. 12 × 11.

క్లీన్‌రూమ్_కిట్టు

అయితే ప్రశ్నే మారిపోయింది. పిల్లాడు రోజులో తొమ్మిది పది గంటలు తలుపేసిన గదిలో ఉంటాడు. 12 × 11 × 9.5 అంటే 1254 ఘనపు అడుగులు, ముప్పై ఐదున్నర ఘనపు మీటర్లు. 240 సీఏడీఆర్ ఉన్న చిన్న మెషీన్ సగం స్పీడులో కూడా గంటకు మూడుసార్లకి పైనే తిప్పుతుంది, నిద్ర చెడదు. పెద్ద హాలు కోసం 38 వేలు పెట్టి, రాత్రంతా దాన్ని ఖాళీ హాల్లో నడపడం నాకైతే నచ్చదు. బెడ్‌రూంకి 240ది, హాల్లోకి 400ది, రెండూ పాతిక వేలలో వస్తాయేమో చూడండి. హాల్లో అందరూ ఉండే సాయంత్రం కావాలంటే రెండోది కూడా తెచ్చి అవతలి మూల పెట్టొచ్చు. 400, 240 కలిస్తే 640. మీకు కావాల్సింది 675. వంటిల్లు కలిసిన ఇంత పెద్ద హాలుకి ఒక పెద్దదాని కంటే రెండు చోట్ల రెండు నయం, శబ్దం కూడా తక్కువ.

పాతపోస్టాఫీసు_వైజాగ్

ఆలస్యంగా వచ్చాను. మాది పోర్టు పక్క పాత ఊరు. కిటికీ గట్టు మీద రాత్రికి రాత్రి నల్లటి పొడి, తెల్ల చొక్కా ఆరేస్తే బూడిద రంగు. ప్యూరిఫయర్ కొన్న కొత్తలో మా ఆవిడ ఒకటే గొడవ, "ఇంత పెట్టి కొన్నారు, టేబుల్ మీద దుమ్ము అలాగే ఉంది" అని.

ఉంటుందండి మరి. కంటికి కనపడే దుమ్ము బరువైనది, మెషీన్ దాకా రాకముందే కింద పడిపోతుంది. మెషీన్ పట్టేది కంటికి కనపడనిది. టీపాయ్ మీద పేరు రాయడం ఆగుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి శ్రీలతమ్మా. దానికి తడిగుడ్డే. పొడి చీపురుతో ఊడిస్తే కింద ఉన్నది కాస్తా లేచి గాలిలో తిరుగుతుంది, అందుకని మా ఇంట్లో పనమ్మాయికి చెప్పి ముందు తడిగుడ్డ పెట్టిస్తాం.

మీకు ఎదురుగా కట్టుబడి ఉంది కదా, ఆ వైపు కిటికీలకి తడిపిన పాత చీర కట్టిచూడండి, వేసవిలో వట్టివేళ్ల తడికలు కట్టేవాళ్లం చూడండి, ఆ పద్ధతి. ముతక దుమ్ము చాలావరకు ఆగుతుంది. సన్నది ఆగదు.

మూడోకన్ను

కరెంటు బిల్లు ఎంత రావొచ్చు? 24 గంటలూ వేయాలంటున్నారు.

కరీంనగర్_పోరడు

ఫుల్ స్పీడు మీద 45 వాట్లనుకో, దినమంతా తిరిగితే యూనిట్ కంటె కొంచెం ఎక్కువ. నడిమి స్పీడు మీద అండ్ల సగం గూడ కాదు. ఏసీ ముంగట ఇదేం లెక్క. అసలు ఖర్చు ఫిల్టర్‌ది. కొనే ముందుగాల్నే దాని ఫిల్టర్ రేటెంత, దొరుకుతున్నదా లేదా చూసుకోవాలె. కంపెనోళ్లు ఏడాది అంటరు గనీ మన దుమ్ముకు ఏడాది ఆగదు.

గుర్గావ్_గోదారి

నిజమే. ఫిల్టర్ దొరకని మోడల్ మా బంధువుల ఇంట్లో షూ స్టాండ్ అయింది.

శ్రీలత_నిజాంపేట

అప్‌డేట్. రెండు కొన్నాం, 250 సీఏడీఆర్‌ది బెడ్‌రూంకి, 400ది హాలుకి. రెండూ కలిపి 23 వేల చిల్లర, దసరా ఆఫర్‌లో. తలుపు కింద రబ్బరు పట్టీ కూడా వేయించాం. పరుపుకి జిప్ కవర్ వేశాను. బాబుకి రాత్రి దగ్గు కొంచెం తగ్గినట్టుంది, కానీ ఇంకా చలి మొదలవ్వలేదు కాబట్టి ఇప్పుడే ఏం చెప్పను.

సమస్య వేరే వచ్చింది. హాల్లో మెషీన్ ఆటోలో పెట్టాం. అత్తయ్య సాంబ్రాణి వేయగానే అది ఎర్ర లైటు వేసి హోరున అరుస్తుంది. ఆవిడకి కోపం వచ్చి స్విచ్ ఆపేస్తున్నారు. "దేవుడి పొగకి ఎర్ర లైటా" అంటున్నారు. పోపు పెట్టినా ఇదే గోల. ఏం చేయాలి?

క్లీన్‌రూమ్_కిట్టు

మేడం, ఆటో తీసేయండి. దాని సెన్సార్ మెషీన్ ఒంటికే ఉంటుంది, కాబట్టి మెషీన్ పక్కన శుభ్రంగా ఉంటే గది అంతా శుభ్రమని నెమ్మదించేస్తుంది, అవతలి మూల పొగ అలాగే ఉంటుంది. మధ్య స్పీడులో పొద్దుటి నుంచి రాత్రి దాకా వదిలేయండి, సీలింగ్ ఫ్యాన్ చిన్నగా తిరగనివ్వండి, గాలి కలుస్తుంది. లైటు ఆపే బటన్ ఉంటుంది, అది నొక్కేస్తే అత్తయ్య గారికి ఎర్ర రంగు కనపడదు. సాంబ్రాణి వేసే ఆ పావుగంట బాల్కనీ తలుపు కాస్త తీయండి. పోపు వేళ చిమ్నీ వేయండి, అదీ బయటికి గొట్టం ఉన్నదైతేనే లాభం. మెషీన్‌ని మాత్రం స్టవ్‌కి దూరంగా జరపండి, నూనె ఆవిరి పడితే ఫిల్టర్ జిడ్డు కట్టి కడిగినా పోదు. గోడకి అడుగైనా ఎడం ఉంచండి, సోఫా వెనక వద్దు.

ఎడిసన్_పద్మ

సాంబ్రాణి బొగ్గుల మీద వేస్తారా, కప్పు సాంబ్రాణా? బొగ్గులైతే కుంపటి బాల్కనీలో రాజేసి, నిప్పు పూర్తిగా ఎర్రబడ్డాక లోపలికి తెమ్మను. మా అమ్మ అలాగే చేస్తుంది. పచ్చి బొగ్గు రాజుకునేటప్పుడే పొగ ఎక్కువ. పైగా బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌ని ఏ ప్యూరిఫయరూ పట్టదు, తలుపులన్నీ బిగించి మాత్రం వేయొద్దు.

శ్రీలత_నిజాంపేట

బొగ్గులే పద్మక్కా. కుంపటి బాల్కనీలో రాజేయడానికి ఒప్పుకున్నారు. లైటు ఆపేశాను. ప్రీఫిల్టర్ మీద అప్పుడే మసిలాంటిది పేరుకుంది, నీళ్లతో కడగొచ్చా?

కరీంనగర్_పోరడు

బయటి జాలీ ఒక్కటే కడుగు అక్కా, అదిగూడ మస్తుగ ఆరినంకనే పెట్టు. లోపలి హెపాకు నీళ్లు తాకియ్యకు.